బ్రిడ్జ్‌డ్ పెట్టాక వీఎం, హోస్ట్ మాట్లాడుకోకపోతే: ఎక్కడ చూడాలి, ఏ వరసలో చూడాలి

వీఎం (వర్చువల్ మెషీన్) అంటే మీ కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్, హోస్ట్ అంటే దాన్ని నడిపే అసలు మెషీన్. వర్చువల్‌బాక్స్ వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్, బ్రిడ్జ్‌డ్ అంటే వీఎంని ఇంటి నెట్‌వర్క్‌కి నేరుగా కలిపే పద్ధతి, పింగ్ అంటే అవతలి మెషీన్ పలుకుతోందా అని చూసే పరీక్ష. నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. "అన్నా, వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు వేశాను. బ్రిడ్జ్‌డ్ పెట్టాను. లోపల ఇంటర్నెట్ బాగానే వస్తోంది. కానీ వీఎం నుంచి ల్యాప్‌టాప్‌ని పింగ్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు."

"ల్యాప్‌టాప్ నుంచి వీఎంని పింగ్ చేశావా?"

కాసేపు మౌనం. "అది చూడలేదన్నా."

ఆ చూడని పింగ్‌లోనే సగం జవాబు ఉంటుంది. అది చూడకుండా అడాప్టర్ రకాలు మార్చడం, ఫైర్‌వాల్ మొత్తం ఆపేయడం, చివరికి వర్చువల్‌బాక్స్ తీసేసి మళ్లీ వేయడం మొదలుపెడతారు. ఏదో ఒక దెబ్బకి అది పనిచేస్తుంది. ఏ దెబ్బకి పనిచేసిందో తెలియదు కాబట్టి వచ్చే నెల మళ్లీ అదే టెన్షన్. ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్క) ఎంతదూరం వెళ్లింది, ఎక్కడ ఆగింది అని అడుగుతూ పోతే పావుగంటలో తేలిపోయే పని ఇది.

ఉదాహరణకి ఒకటే సెటప్ పట్టుకుందాం. విండోస్ 11 ల్యాప్‌టాప్ హోస్ట్, దాని అడ్రస్ 192.168.1.5. దానిమీద వర్చువల్‌బాక్స్, అందులో ఉబుంటు సర్వర్, దాని అడ్రస్ 192.168.1.23. ఇంటి రౌటర్ 192.168.1.1. లైనక్స్ హోస్ట్ మీద కేవీఎం (లైనక్స్‌లో వీఎంలు నడిపే పద్ధతి) వాడేవాళ్ల కష్టాలు వేరు, వాటికి కింద విడిగా చోటిచ్చాను. కమాండ్ల పేర్లు పలికినట్టే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోండి.

లోపల జరిగేది ఏమిటి

వీఎంని నెట్‌వర్క్‌కి కలిపే ఇంకో పద్ధతి నాట్. నాట్‌లో వీఎం మీ ఇంట్లో దిగిన చుట్టం లాంటిది. బయటికి ఏది పంపినా మీ పేరు మీదే వెళ్తుంది, బయటివాళ్లకి ఆ చుట్టం ఉన్నట్టే తెలియదు. వర్చువల్‌బాక్స్ నాట్‌లో వీఎంకి 10.0.2.15 వచ్చేది అందుకే, అది ఇంటిలోపలి లెక్క. బ్రిడ్జ్‌డ్‌లో అదే వీఎంకి సొంత డోర్ నంబర్ వస్తుంది. రౌటర్ దృష్టిలో అది మీ ఫోను, మీ టీవీ లాగే ఇంకో పరికరం. సొంత మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే గుర్తింపు నంబర్) ఉంటుంది, రౌటరే దానికి ఐపీ (192.168.1.23 లాంటి అడ్రస్) ఇస్తుంది.

ఇది సాధ్యం కావడానికి వర్చువల్‌బాక్స్ మీ నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ మీద ఒక ఫిల్టర్ డ్రైవర్‌ని కూర్చోబెడుతుంది. హోస్ట్ నుంచి బయటికి పోయేవాటిలో వీఎంకి చెందినవి అది పక్కకు తీసి లోపలికి ఇస్తుంది. వీఎం పంపినవాటిలో హోస్ట్‌కి చెందినవి పైకి అందిస్తుంది. అంటే ఒకే మెషీన్ మీదున్న ఈ ఇద్దరూ మాట్లాడుకోడానికి ప్యాకెట్ రౌటర్ దాకా పోయి రావక్కర్లేదు. అయినా కార్డుకి లింక్ మాత్రం ఉండి తీరాలి. కరెంటు పోయి రౌటర్ ఆగిపోతే విండోస్ ఆ కార్డు మీది ఐపీని పక్కన పెట్టేస్తుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నా వీఎం అందదు. "నిన్న రాత్రి పనిచేసింది, కరెంటు పోయాక ఆగింది" అంటే మిగతా పరీక్షలకు పోకుండా ముందు ఇది చూడండి.

మొదటి అడుగు: బ్రిడ్జ్ ఉందా, ఉంటే ఏ కార్డు మీద?

వీఎం సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ తెరవండి. అటాచ్డ్ టు దగ్గర బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ ఉండాలి. దాని కింద నేమ్ అనే పెట్టెలో ఉన్న పేరే అసలు విషయం. ఈ కాలం ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు, కేబుల్ కార్డు, బ్లూటూత్ కార్డు, వీపీఎన్ పెట్టిన కార్డు, హైపర్-వీ (విండోస్ సొంత వీఎం సాఫ్ట్‌వేర్) పెట్టిన కార్డు అన్నీ ఉంటాయి. మీరు ఇప్పుడు నెట్ వాడుతున్న కార్డునే అక్కడ ఎంచుకోవాలి. ఆఫీసులో కేబుల్ మీద పెట్టి ఇంటికొచ్చి వైఫై వాడితే వీఎం ఇంకా ఊడదీసిన కేబుల్‌నే పట్టుకుని వేలాడుతూ ఉంటుంది.

నేనూ ఇక్కడే ఓ ఆదివారం పోగొట్టుకున్నాను. మా ఇంట్లో ఫైబర్ కనెక్షన్ వాళ్లిచ్చిన పెట్టె ఒకటి, దానికి తగిలించిన సొంత వైఫై రౌటర్ ఒకటి ఉండేవి. పెట్టె 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లు ఇస్తుంది, రౌటర్ 192.168.0తో మొదలయ్యేవి. ల్యాప్‌టాప్‌కి పెట్టె నుంచి కేబుల్, రౌటర్ నుంచి వైఫై రెండూ ఉన్నాయి. వీఎంని కేబుల్ మీద బ్రిడ్జ్ చేసి, లోపల నుంచి పింగ్ చేసింది మాత్రం ల్యాప్‌టాప్ వైఫై అడ్రస్‌ని. అది వేరే నెట్‌వర్క్ కాబట్టి వీఎం ఆ ప్యాకెట్‌ని గేట్‌వేకి (బయటికి దారి చూపే పరికరం, ఇక్కడ ఫైబర్ పెట్టె) ఇచ్చింది, ఆ పెట్టెకి రౌటర్ వెనకాల ఉన్న నెట్‌వర్క్ సంగతి తెలియదు, ప్యాకెట్ గాల్లో కలిసింది. కేబుల్ అడ్రస్‌ని పింగ్ చేసి ఉంటే మొదటిసారే వచ్చేది.

నేమ్ పెట్టెలో అసలు కార్డులేవీ కనపడక నాట్ సెలెక్టెడ్ (ఏదీ ఎంచుకోలేదు) అని ఉంటే ఫిల్టర్ డ్రైవర్ ఎక్కలేదన్నమాట. విండోస్‌లో నెట్‌వర్క్ కనెక్షన్స్ తెరిచి, మీ కార్డు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్లండి. ఆ లిస్టులో వర్చువల్‌బాక్స్ ఎన్‌డీఐఎస్6 బ్రిడ్జ్‌డ్ నెట్‌వర్కింగ్ డ్రైవర్ అనే వరస ఉండాలి, పక్కన టిక్ ఉండాలి. టిక్ లేకపోతే పెట్టండి. ఉంటే ఒకసారి తీసి, ఓకే కొట్టి, మళ్లీ పెట్టండి. వీఎం స్టార్ట్ చేసేటప్పుడు "ఫెయిల్డ్ టు ఓపెన్ ఆర్ క్రియేట్ ది ఇంటర్నల్ నెట్‌వర్క్" అనే ఎర్రర్ వచ్చినా తరచూ ఈ టిక్ తీసి పెట్టడంతోనే, లేదా ఆ కార్డుని డిజేబుల్ చేసి ఎనేబుల్ చేయడంతోనే పోతుంది. వరసే లేకపోతే వర్చువల్‌బాక్స్ ఇన్‌స్టాలర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి రిపేర్ చేయాలి. ఈ ఒక్క సందర్భంలో మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం తప్పు కాదు.

అదే పేజీలో అడ్వాన్స్‌డ్ కింద కేబుల్ కనెక్టెడ్ అనే టిక్ కూడా ఉంటుంది. అది పోతే వీఎం లోపల నో క్యారియర్ అని చూపిస్తుంది. ఎవరు తీస్తారో తెలియదు గానీ, అది తీసి ఉన్న వీఎంలు నేను చూశాను.

రెండో అడుగు: అడ్రస్‌లు కాగితం మీద

నవ్వకండి, నిజంగానే కాగితం తీసుకోండి. హోస్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి మీరు బ్రిడ్జ్ చేసిన కార్డు కింద ఉన్న ఐపీ, సబ్‌నెట్ మాస్క్ (ఏ అడ్రస్‌లు మీ నెట్‌వర్క్‌లోవో చెప్పే అంకె), గేట్‌వే రాయండి. వీఎంలో ఐపీ అని కొట్టి ఒక ఖాళీ ఇచ్చి ఏ కొట్టండి, అవే మూడు రాయండి. గేట్‌వే కోసం ఐపీ తర్వాత ఆర్ కొట్టాలి. ఇప్పుడు వీఎం ఐపీ చూడండి.

10.0.2.15 ఉందా? వీఎం నడుస్తుండగానే నాట్ నుంచి బ్రిడ్జ్‌డ్‌కి మార్చి ఉంటారు, లోపలి ఉబుంటు ఇంకా పాత అడ్రస్‌నే పట్టుకుని ఉంది. రీబూట్ చేయండి, లేదా సుడో నెట్‌ప్లాన్ అప్లై కొట్టండి (నెట్‌ప్లాన్ అంటే ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఉండే చోటు). ఇంత చిన్న విషయం మీద ఎంతమంది గంటలు పోగొట్టుకుంటారో చెప్పలేను.

169.254తో మొదలవుతోందా, లేక ఐపీయే లేదా? రౌటర్‌ని అడిగితే జవాబు రాలేదని అర్థం. 169.254 అనేది జవాబు రానప్పుడు మెషీన్ తనకి తానే పెట్టుకునే అడ్రస్, విండోస్ వీఎంలలో ఎక్కువగా కనిపిస్తుంది. ఇలా ఉన్నప్పుడు పింగ్‌లు మానేసి ఒక చిన్న పరీక్ష చేయండి. వీఎంకి చేత్తో ఒక ఐపీ ఇవ్వండి, 192.168.1.240 లాంటిది, ఎవరూ వాడనిది. మూడో అడుగులో చెప్పే ఏఆర్‌పీ పరీక్షలో హోస్ట్ పలికితే బ్రిడ్జ్ బాగానే ఉంది, గొడవ ఐపీ పంచే దగ్గర (దీన్నే డీహెచ్‌సీపీ అంటారు) ఉంది. పలకకపోతే బ్రిడ్జే లేదు, మొదటి అడుగుకి వెళ్లండి.

అడ్రస్ సరిగ్గానే ఉండి మాస్క్‌లు వేరైతే, అంటే హోస్ట్‌లో 255.255.255.0, వీఎంలో చేత్తో రాసిన 255.255.255.240 లాంటిది ఉంటే, 192.168.1.23 దృష్టిలో 192.168.1.5 పక్కింటివాడు కాదు, వేరే వీధివాడు. ఉబుంటులో 255.255.255.0 మాస్క్‌ని అడ్రస్ చివర స్లాష్ గీత పెట్టి 24 అని రాస్తారు. ఆ గీత, 24 మర్చిపోయినవాళ్లు కూడా ఉన్నారు.

మూడో అడుగు: పింగ్ ఒకటే చాలదు, ఏఆర్‌పీ చూడండి

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

ఒకే నెట్‌వర్క్‌లో ఒకరు ఇంకొకరికి ప్యాకెట్ పంపాలంటే ముందు "192.168.1.5 ఎవరిది? నీ మ్యాక్ చెప్పు" అని అందరికీ వినపడేలా కేకేయాలి. ఆ కేక ఏఆర్‌పీ. దానికి జవాబు వచ్చాకే పింగ్ బయల్దేరుతుంది. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపుతుంది గానీ ఏఆర్‌పీని ఆపదు. కాబట్టి ఏఆర్‌పీకి జవాబొచ్చి పింగ్‌కి రాకపోతే బ్రిడ్జ్ నిక్షేపంగా ఉంది, పైన ఎవరో తలుపేశారు. ఏఆర్‌పీకే జవాబు రాకపోతే ఫైర్‌వాల్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు, దారే తెగిపోయింది.

చూసే పద్ధతి ఇది. వీఎంలో పింగ్ 192.168.1.5 కొట్టండి, నాలుగైదు సెకన్లు ఆగి కంట్రోల్ సీతో ఆపండి. పింగ్ వచ్చిందా లేదా అన్నది పట్టించుకోకండి. వెంటనే ఐపీ నెయ్ అని కొట్టండి. నెయ్ అంటే నెయిబర్, దాని స్పెల్లింగ్‌లో మొదటి ఐదు అక్షరాలు చాలు. 192.168.1.5 ఉన్న వరస చివర రీచబుల్, స్టేల్ లేదా డిలే అని ఉండి, మధ్యలో ఒక మ్యాక్ అడ్రస్ కనిపిస్తే కేకకి జవాబొచ్చినట్టు. ఇన్‌కంప్లీట్ అనో ఫెయిల్డ్ అనో ఉంటే రాలేదు.

రెండోవైపు కూడా చేయండి. విండోస్‌లో 192.168.1.23ని పింగ్ చేసి, ఏఆర్‌పీ అని కొట్టి ఖాళీ ఇచ్చి హైఫన్ ఏ కొట్టండి. కేబుల్ మీద బ్రిడ్జ్ చేసి ఉంటే 192.168.1.23 పక్కన మ్యాక్ 08-00-27తో మొదలవ్వాలి, అది వర్చువల్‌బాక్స్ వీఎంల ఇంటిపేరు. వేరేది ఉందంటే ఆ ఐపీని ఇంట్లో ఇంకెవరో వాడుతున్నారు. ఒకసారి ఒకాయన ఇంట్లో అది స్మార్ట్ టీవీ తేలింది. ఆయన వీఎంకి చేత్తో ఇచ్చిన ఐపీనే రౌటర్ టీవీకి కూడా ఇచ్చింది. టీవీ ఆన్ చేసినప్పుడల్లా ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి వీఎంలో కమాండ్లు కొట్టే కనెక్షన్) తెగేది. చేత్తో ఐపీ ఇచ్చేటట్టయితే రౌటర్ తనంతట తాను పంచే అంకెల వరస బయట ఇవ్వండి. లేకపోతే రౌటర్‌లోనే వీఎం మ్యాక్‌కి ఒక ఐపీని రిజర్వ్ చేయండి, ఇదే నా మాట. వైఫై మీద ఉంటే మాత్రం ఈ 08-00-27 పరీక్షని నమ్మకండి, ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ఇంకా స్పష్టంగా చూడాలంటే వీఎంలో టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లను చూపించే ప్రోగ్రామ్) నడపండి. సుడో టీసీపీడంప్, హైఫన్ ఎన్ఐ, కార్డు పేరు, తర్వాత ఐసీఎంపీ ఆర్ ఏఆర్‌పీ. ఐసీఎంపీ అంటే పింగ్ వాడే భాష, అందులో ఎకో రిక్వెస్ట్ పింగ్ ప్రశ్న, ఎకో రిప్లై దాని జవాబు. వర్చువల్‌బాక్స్‌లో కార్డు పేరు మామూలుగా ఈఎన్‌పీ0ఎస్3 అని ఉంటుంది. ఇంకో విండోలో పింగ్ చేస్తూ దీన్ని చూస్తే కథంతా కళ్లముందే నడుస్తుంది. "హూ హాజ్ 192.168.1.5, టెల్ 192.168.1.23" అని వరుసగా అదే వాక్యం సెకనుకొకటి పడుతూ ఉంటే కేక వేస్తూనే ఉంది, ఎవరూ పలకట్లేదు. ఒక్కసారి హూ హాజ్, వెంటనే రిప్లై, ఆ తర్వాత అన్నీ ఎకో రిక్వెస్ట్, ఎకో రిక్వెస్ట్, ఎకో రిక్వెస్ట్ అని ఉండి ఒక్క ఎకో రిప్లై కూడా లేకపోతే మీ చేతిలో ఉన్నది ఫైర్‌వాల్ కేసు.

నాలుగో అడుగు: విండోస్ తలుపు

హోస్ట్ నుంచి వీఎంకి పింగ్ వెళ్తుంది, వీఎం నుంచి హోస్ట్‌కి రాదు. పైన ఫోన్ చేసిన తమ్ముడిది ఇదే. విండోస్ తాను మొదలుపెట్టిన మాటకి వచ్చే జవాబుని లోపలికి రానిస్తుంది, బయటివాడు తనంతట తాను పలకరిస్తే మామూలుగా పలకదు. మీ వైఫై పబ్లిక్ నెట్‌వర్క్‌గా నమోదై ఉంటే ఇంకా బిగుసుకుని కూర్చుంటుంది.

ఇల్లయితే సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌కి వెళ్లి ప్రైవేట్‌గా మార్చండి. తర్వాత అడ్వాన్స్‌డ్ ఫైర్‌వాల్ విండో తెరిచి ఇన్‌బౌండ్ రూల్స్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్, ఎకో రిక్వెస్ట్, ఐసీఎంపీవీ4 ఇన్ అనే రూల్‌ని ఎనేబుల్ చేయండి. ఒకే పేరుతో రెండు మూడు కనిపిస్తాయి, ఒక్కో ప్రొఫైల్‌కి ఒకటి. ప్రైవేట్ అని ఉన్నది చాలు. హాస్టల్ వైఫైలోనో ఆఫీసులోనో ఉంటే ప్రైవేట్‌గా మార్చొద్దు. వీఎం ఐపీ ఒక్కదానికే అనుమతిస్తూ కొత్త రూల్ ఒకటి రాసుకోండి. ఫైర్‌వాల్ మొత్తం ఆపడం అనేది ఒక్క నిమిషం పరీక్షకి పనికొస్తుంది. ఆపి, పింగ్ చూసి, వెంటనే ఆన్ చేసేయాలి. ఆపిన సంగతి మర్చిపోయి నెలల తరబడి అలాగే తిరిగే ల్యాప్‌టాప్‌లు చాలానే ఉన్నాయి.

యాంటీవైరస్ సొంత ఫైర్‌వాల్‌తో వస్తే విండోస్ రూల్స్‌ని ఎంత మార్చినా ఏమీ కాదు. అప్పుడు ఆ యాంటీవైరస్ సెట్టింగ్స్‌లో ఈ నెట్‌వర్క్‌ని నమ్మదగినదిగా చెప్పాలి.

పింగ్ వస్తోంది, పేజీ రావట్లేదు

ఇక్కడికొచ్చాక నెట్‌వర్క్‌ని తిట్టడం ఆపేయాలి. వీఎంలో ఒక వెబ్ సర్వర్ నడిపారు, వీఎం లోపల నుంచి చూస్తే పేజీ వస్తోంది, హోస్ట్ బ్రౌజర్‌లో 192.168.1.23 కొడితే రావట్లేదు. వీఎంలో ఎస్ఎస్ హైఫన్ ఎల్‌టీఎన్ కొట్టండి. మీ పోర్టు (సర్వర్ వినే నంబర్, ఇక్కడ 8000) ఉన్న వరసలో 127.0.0.1:8000 అని ఉంటే ఆ సర్వర్ తన ఇంట్లోవాళ్ల మాటే వింటోంది. 0.0.0.0:8000 (బయటివాళ్ల మాట కూడా) అని ఉండాలి. పైథాన్, నోడ్ ఫ్రేమ్‌వర్క్‌ల డెవలప్‌మెంట్ సర్వర్లలో చాలా వరకు డిఫాల్ట్‌గా 127.0.0.1 మీదే వింటాయి. స్టార్ట్ చేసేటప్పుడు హోస్ట్ అనే ఆప్షన్‌కి 0.0.0.0 ఇస్తే సరి. డేటాబేస్‌లదీ ఇదే కథ, వాటికి కాన్ఫిగ్ ఫైల్‌లో మార్చాలి.

అది సరిగ్గానే ఉంటే వీఎం ఫైర్‌వాల్. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, మీరు ఆన్ చేసి ఉంటే ఆ పోర్టుని అలౌ చేయండి. అది పింగ్‌ని రానిచ్చి పోర్టుని ఆపుతుంది, అందుకే జనం పొరబడతారు. ఫెడోరా, రాకీ లాంటివాటిలో ఫైర్‌వాల్‌డీ మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది.

వైఫై మీద బ్రిడ్జ్ ఎందుకు మొండికేస్తుంది

కేబుల్ మీద ఒక పోర్టు (ఇక్కడ కేబుల్ గుచ్చే చోటు) వెనక ఎన్ని మ్యాక్ అడ్రస్‌లున్నా, కేబుళ్లని కలిపే మామూలు స్విచ్ పట్టించుకోదు. వైఫైలో అలా కుదరదు. ల్యాప్‌టాప్ తన మ్యాక్‌తో రౌటర్‌కి పరిచయం చేసుకుని లోపలికి వెళ్తుంది. రౌటర్ ఆ మ్యాక్‌నే గుర్తిస్తుంది. మామూలుగా క్లయింట్ (ఇక్కడ ల్యాప్‌టాప్) పంపే వైఫై ఫ్రేమ్‌లో (ప్యాకెట్‌ని మోసే కవరు) మూడు అడ్రస్‌లకే చోటుంటుంది, "పంపింది ల్యాప్‌టాప్, కానీ అసలు రాసింది వెనకున్న వీఎం" అని చెప్పుకోడానికి జాగా లేదు. అందుకని వర్చువల్‌బాక్స్ ఒక ఉపాయం చేస్తుంది. వీఎం నుంచి గాల్లోకి వెళ్లే ప్రతి ఫ్రేమ్ మీదా వీఎం మ్యాక్ చెరిపి ల్యాప్‌టాప్ మ్యాక్ రాస్తుంది, తిరిగొచ్చేవాటిని ఐపీ చూసి వీఎంకి పంచుతుంది. 08-00-27 పరీక్ష వైఫైలో నమ్మొద్దన్నది ఇందుకే.

ఈ ఉపాయం ఐపీ ట్రాఫిక్ వరకు బాగానే నడుస్తుంది. కొన్ని కార్డు డ్రైవర్లతో మాత్రం ఉన్నట్టుండి ఆగుతుంది, లేదా ల్యాప్‌టాప్ నిద్రపోయి లేచాక వీఎం అందదు. ముందు పైన చెప్పిన డ్రైవర్ టిక్ తీసి పెట్టి చూడండి. అయినా పదేపదే వస్తుంటే కేబుల్ పెట్టి ఒకసారి నడపండి. కేబుల్ మీద కుదిరితే తప్పు మీ సెట్టింగ్స్‌ది కాదని తేలిపోయింది.

హాస్టల్ వైఫై, కాలేజీ ల్యాబ్, ఆఫీసు కేబుల్ మరో రకం. చాలాచోట్ల ఒక లాగిన్‌కి ఒక మ్యాక్ అని కట్టేసి ఉంచుతారు, వీఎంకి ఐపీ రాదు, లేదా వచ్చినా లాగిన్ పేజీ దగ్గర ఆగుతుంది. స్విచ్ మీద పోర్ట్ సెక్యూరిటీ ఉంటే ఇంకా ఘోరం. సిస్కో స్విచ్‌లలో అది ఆన్ చేస్తే డిఫాల్ట్‌గా పోర్టుకి ఒక్క మ్యాక్‌నే ఒప్పుకుంటుంది, రెండోది కనపడగానే పోర్టునే మూసేస్తుంది. వీఎం స్టార్ట్ చేయగానే హోస్ట్‌కి కూడా నెట్ పోయిందంటే దీన్నే అనుమానించండి, వీఎం ఆపి నెట్‌వర్క్ అడ్మిన్‌కి నిజం చెప్పండి. అక్కడ బ్రిడ్జ్‌తో పోట్లాడి లాభం లేదు.

వీపీఎన్ గురించి కూడా ఇక్కడే ఒక మాట. ఆఫీసు వీపీఎన్ కనెక్ట్ చేయగానే వీఎం మాయమైతే, ఆ వీపీఎన్ సాఫ్ట్‌వేర్ హోస్ట్‌ని లోకల్ నెట్‌వర్క్ నుంచి తెంపేస్తోందన్నమాట. అది కంపెనీ పాలసీ, మీరు మార్చగలిగింది తక్కువ. ఇక బ్రిడ్జ్‌లో ఉన్న వీఎం వీపీఎన్‌లోంచి వెళ్లదు, నేరుగా రౌటర్‌కి పోతుంది. వీఎంలో ఆఫీసు సైట్లు ఎందుకు తెరుచుకోవట్లేదన్న ప్రశ్నకి జవాబూ అదే.

కవల పిల్లల గొడవ

ఒక వీఎం తయారు చేసి దాన్ని క్లోన్ చేసి మూడు చేశారు. మూడింటికీ ఒకే ఐపీ. వర్చువల్‌బాక్స్ క్లోన్ విండోలో మ్యాక్ అడ్రస్ పాలసీ దగ్గర అన్నింటికీ కొత్త మ్యాక్‌లు తయారు చేయమనే ఆప్షన్ ఎంచుకోవాలి. ఎంచుకున్నా ఉబుంటు సర్వర్‌లలో ఒకే ఐపీ వస్తుంటే ఆశ్చర్యపోకండి. ఉబుంటు సర్వర్ 18.04 నుంచి ఐపీ అడిగేటప్పుడు మ్యాక్ బదులు మెషీన్ ఐడీ నుంచి తయారైన గుర్తింపుని చూపిస్తుంది. క్లోన్‌లో ఆ ఐడీ కూడా అచ్చం అదే కాబట్టి రౌటర్‌కి ముగ్గురూ ఒక్కరే. ఈటీసీ ఫోల్డర్‌లో మెషీన్ ఐడీ ఫైల్‌ని ఖాళీ చేసి రీబూట్ చేస్తే కొత్తది పుడుతుంది. లేదా నెట్‌ప్లాన్ ఫైల్‌లో డీహెచ్‌సీపీ ఐడెంటిఫైయర్‌కి మ్యాక్ అని ఇవ్వండి.

లైనక్స్ హోస్ట్, కేవీఎం ఉన్నవాళ్లకి

"వీఎం నుంచి ప్రపంచమంతా అందుతోంది, ఇంట్లో మిగతా మెషీన్లన్నీ వీఎంని చూస్తున్నాయి, ఒక్క హోస్ట్ మాత్రం చూడలేకపోతోంది." ఈ వాక్యం వినగానే నేను అడిగేది ఒక్కటే: వర్ట్ మేనేజర్‌లో (కేవీఎం వీఎంల సెట్టింగ్స్ విండో) నెట్‌వర్క్ సోర్స్ దగ్గర మ్యాక్‌వీట్యాప్ ఎంచుకున్నారా? ఎంచుకుని ఉంటే అది పాడవ్వలేదు, దాని స్వభావమే అది. మ్యాక్‌వీట్యాప్ వీఎం ఫ్రేమ్‌ని నేరుగా కార్డు మీదుగా తీగలోకి తోస్తుంది, హోస్ట్ వైపు తిప్పదు. బయటి స్విచ్ ఏ పోర్టు నుంచి వచ్చిందో ఆ పోర్టుకే ఫ్రేమ్‌ని వెనక్కి పంపదు కాబట్టి అటునుంచి కూడా రాదు. ఎన్ని ఫైర్‌వాల్‌లు ఆపినా ఫలితం సున్నా.

తేలికైన మందు: వీఎంకి రెండో కార్డు ఇచ్చి దాన్ని లిబ్‌వర్ట్ (కేవీఎం వీఎంలని నడిపించే సాఫ్ట్‌వేర్) డిఫాల్ట్ నెట్‌వర్క్‌కి తగిలించండి. ఆ నెట్‌వర్క్‌లో హోస్ట్ 192.168.122.1 దగ్గర ఉంటుంది. సరైన మందు: నిజమైన బ్రిడ్జ్ కట్టడం. ఎన్ఎంసీఎల్ఐ అనే కమాండ్‌తో బీఆర్0 అనే బ్రిడ్జ్ చేసి, మీ కేబుల్ కార్డుని దానికి సభ్యుడిగా చేర్చి, వీఎంకి బీఆర్0 చూపించాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడ. బ్రిడ్జ్ కట్టాక హోస్ట్ ఐపీ బీఆర్0 మీద ఉండాలి, కార్డు మీద ఉండకూడదు. ఐపీ ఏ కొడితే కార్డు వరసలో మాస్టర్ బీఆర్0 అని ఉండి ఐపీ లేకుండా ఉండాలి. ఈ పని దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో చేయకండి, మధ్యలో తెగితే మెషీన్ దగ్గరికి వెళ్లాల్సిందే. వైఫై కార్డుని ఇలా చేర్చబోతే ఆపరేషన్ నాట్ సపోర్టెడ్ అంటుంది. కారణం పైన చెప్పిన మూడు అడ్రస్‌ల సంగతే.

బ్రిడ్జ్ కట్టాక వీఎం ఆన్ అయిన మొదటి అరనిమిషం నెట్ లేకుండా ఉండి తర్వాత వస్తుంటే స్పానింగ్ ట్రీ (ప్యాకెట్లు గుండ్రంగా తిరగకుండా చూసే ఏర్పాటు) ఆన్‌లో ఉంది. అది వినడానికి 15 సెకన్లు, నేర్చుకోడానికి ఇంకో 15 తీసుకుంటుంది. ఇంట్లో ఒకే బ్రిడ్జ్ ఉంటే దాన్ని ఆఫ్ చేయొచ్చు.

ఇంకో వింత. వీఎం హోస్ట్‌తో మాట్లాడుతుంది గానీ రౌటర్‌తో మాట్లాడదు, అంటే మ్యాక్‌వీట్యాప్ కేసుకి సరిగ్గా తలకిందులు. హోస్ట్‌లో డాకర్ (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉందేమో చూడండి. డాకర్ ఐపీటేబుల్స్‌లో (లైనక్స్ ఫైర్‌వాల్) ఫార్వర్డ్ పాలసీని డ్రాప్‌కి మారుస్తుంది, అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి దాటిపోయేవాటిని పడేయమంటుంది. బ్రిడ్జ్ మీదుగా పోయే ప్యాకెట్‌లని కూడా ఐపీటేబుల్స్ చూసేలా కర్నెల్ మాడ్యూల్ ఎక్కి ఉంటే, వీఎం నుంచి రౌటర్‌కి పోయే ప్రతిదీ అక్కడ రాలిపోతుంది. హోస్ట్‌కి వచ్చేవి ఫార్వర్డ్ దారిలో పోవు కాబట్టి అవి బతుకుతాయి. డాకర్ యూజర్ చెయిన్‌లో బీఆర్0 నుంచి బీఆర్0కి వెళ్లేదాన్ని యాక్సెప్ట్ చేసే ఒక రూల్ వేస్తే సరిపోతుంది.

వీఎంవేర్, హైపర్-వీ క్లుప్తంగా

వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో వీఎంనెట్0 బ్రిడ్జ్‌కి, 1 హోస్ట్ ఓన్లీకి, 8 నాట్‌కి. వీఎంనెట్0ని ఆటోమేటిక్‌గా వదిలేస్తే అది ఒక్కోసారి వీపీఎన్ కార్డునో మరోదాన్నో పట్టుకుంటుంది. వర్చువల్ నెట్‌వర్క్ ఎడిటర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మీ కార్డు పేరు స్పష్టంగా ఎంచుకోండి, ఈ ఒక్క మార్పుతో చాలా కేసులు పోతాయి. హైపర్-వీలో బ్రిడ్జ్‌ని ఎక్స్‌టర్నల్ స్విచ్ అంటారు. దాన్ని చేసేటప్పుడు మేనేజ్‌మెంట్ ఆపరేటింగ్ సిస్టం కూడా ఈ కార్డుని పంచుకోవచ్చనే టిక్ తీసేస్తే హోస్ట్‌కే ఆ కార్డు మీద నెట్ పోతుంది. స్విచ్ చేశాక హోస్ట్ ఐపీ వీఈథర్నెట్ అనే కొత్త కార్డు మీదకి మారుతుంది, కంగారు పడకండి.

ఎప్పుడు బ్రిడ్జ్‌ని వదిలేయాలి

నిజం చెప్పాలంటే, ఫోన్ చేసేవాళ్లలో సగం మందికి బ్రిడ్జే అక్కర్లేదు. వాళ్లకి కావలసినది వీఎంకి ఇంటర్నెట్, హోస్ట్ నుంచి వీఎంకి ఎస్ఎస్‌హెచ్. అమీర్‌పేటలో కోర్సు చేస్తూ హాస్టల్‌లో ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లకి నేను చెప్పేది రెండు కార్డుల పద్ధతి. మొదటి కార్డు నాట్, రెండోది హోస్ట్ ఓన్లీ (హోస్ట్, వీఎంల మధ్య మాత్రమే నడిచే నెట్‌వర్క్). నాట్‌తో ఇంటర్నెట్ వస్తుంది, హోస్ట్ ఓన్లీలో హోస్ట్ 192.168.56.1 దగ్గర, వీఎం మామూలుగా 192.168.56.101 దగ్గర ఉంటాయి. వైఫై మారినా, కరెంటు పోయినా, ఆఫీసులో స్విచ్ ఎంత కఠినంగా ఉన్నా ఆ అడ్రస్ మారదు, తెగదు. ఫోన్ నుంచో ఇంకో మెషీన్ నుంచో వీఎంని చూడాలంటే మాత్రం బ్రిడ్జ్ కావలసిందే. ఒక్క ఎస్ఎస్‌హెచ్ చాలంటే నాట్‌లోనే పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి హోస్ట్ పోర్టు 2222ని వీఎం పోర్టు 22కి కలిపేసుకోవచ్చు.

రెండో కార్డు పెట్టాక వీఎంలో అది ఈఎన్‌పీ0ఎస్8 అని కనిపించి, డౌన్ అనే ఉండి, ఐపీ లేకుండా కూర్చుంటుంది. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాల్ అయినప్పుడు ఉన్న కార్డునే నెట్‌ప్లాన్ ఫైల్‌లో రాసుకుంది, కొత్తదాని గురించి దానికి ఎవరూ చెప్పలేదు. ఈటీసీ నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లోని ఫైల్ తెరిచి, పాత కార్డు పేరున్న వరసని, దాని కింది వరసని అదే ఇండెంటేషన్‌తో కాపీ చేసి పేరు మాత్రం మార్చండి. ట్యాబ్ కొట్టొద్దు, ఖాళీలే వాడండి. తర్వాత సుడో నెట్‌ప్లాన్ అప్లై.